ఇనప మేకు మునుగుతుంది, ఇనప ఓడ తేలుతుంది.. ఎందుకు?

ఈరోజు నా చేతిలో ఒక ఇనప మేకు ఉంది. ముందర ఒక బకెట్ నీళ్ళు ఉన్నాయి. మేకు వదిలేస్తున్నా. టప్. అడుక్కి వెళ్ళిపోయింది. ఇందులో ఎవరికీ ఆశ్చర్యం లేదు, ఇనుము బరువు కాబట్టి మునిగింది అంటాం. సరే. మరి విశాఖపట్నం బీచ్‌లో నిలబడి చూస్తే దూరంగా ఓడలు కనబడతాయి కదా, అవి కూడా అదే ఇనుముతో చేసినవే. అసలు సిసలు ఉక్కు, వేల టన్నులు. అవెందుకు మునగట్లేదు?

నేను బీటెక్‌లో ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే "ఆర్కిమెడిస్ ప్రిన్సిపుల్" అని ఠక్కున చెప్పేవాణ్ణి. మార్కులు కూడా వచ్చేవి. కానీ అర్థమయ్యి చెప్పానా అంటే, లేదు. పేరు చెప్పడం వేరు, విషయం తెలియడం వేరు. నాకు ఆ తేడా తెలిసింది క్లాస్‌రూమ్‌లో కాదు, ఒక పడవ మీద.

అప్పటికి నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. ఒక లాంగ్ వీకెండ్‌కి టీమ్ వాళ్ళం కలిసి ఒక రిజర్వాయర్ దగ్గరికి వెళ్ళాం. ఎక్కడ, ఎవరి బోటు అనేది చెప్పను, అది ముఖ్యం కాదు. రెండు అంతస్తుల బోటు. పై డెక్ మీద పాటలు, డాన్సులు. లైఫ్ జాకెట్లు ఇచ్చారు కానీ ఫోటోల్లో బాగోదని మాలో సగం మంది తీసేశాం. నేను కూడా. సాయంత్రం అయింది, ఒక పక్కన సూర్యుడు దిగుతున్నాడు, ఎవరో "అరే అటు చూడండ్రా" అని అరిచారు. పై డెక్ మీదున్న ముప్పై నలభై మందిమీ ఒకేసారి ఆ పక్కకి పరిగెత్తాం. ఫోన్లు పైకెత్తాం.

బోటు వంగింది. కొంచెం కాదు. కుర్చీలు జారాయి, కూల్‌డ్రింక్ బాటిల్స్ దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడ్డాయి. కింద నుంచి సరంగు గట్టిగా అరుస్తున్నాడు, "కూర్చోండి! నిలబడొద్దు, ఎక్కడోళ్ళు అక్కడ కూర్చోండి బాబూ!" అందరం కూలబడిపోయాం. రెండు మూడు ఊపులు ఊగి బోటు నిటారుగా అయింది.

ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకటే డౌట్. ఆయన "వెనక్కి రండి" అనలేదు, "కూర్చోండి" అన్నాడు. కూర్చుంటే మన బరువు తగ్గదు కదా? అరవై కిలోల మనిషి నిలబడినా అరవై కిలోలే, కూర్చున్నా అరవై కిలోలే. మరి బోటు ఎందుకు సర్దుకుంది? ఆ సరంగు ఏ ఇంజనీరింగ్ కాలేజీకీ వెళ్ళుండడు. ఆయనకి తెలిసింది నాకు తెలియలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

మొదట తేలడం గురించి మాట్లాడుకుందాం, తర్వాత ఆ "కూర్చోండి" దగ్గరికి వద్దాం.

మీలో ఎంతమంది నూతిలో నీళ్ళు తోడారు? మా అమ్మమ్మ వాళ్ళింట్లో నుయ్యి ఉండేది. చేద వేసి, నిండాక పైకి లాగేటప్పుడు ఒక తమాషా జరుగుతుంది. బకెట్ నీళ్ళలోపల ఉన్నంతసేపూ చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. నీటి పైకి తేలిన మరుక్షణం చేతులు లాగేస్తాయి. బకెట్ అదే, నీళ్ళూ అవే. అంటే లోపల ఉన్నప్పుడు ఎవరో కింద నుంచి దాన్ని మోస్తున్నారు. ఎవరు? చుట్టూ ఉన్న నీళ్ళే.

ఎలా మోస్తున్నాయి అనేది ఒక లెక్కతో చూద్దాం. భయపడకండి, కూడికలూ తీసివేతలే. 1 మీటర్ పొడవు, 1 మీటర్ వెడల్పు, 1 మీటర్ ఎత్తు ఉన్న ఒక పెట్టె ఊహించుకోండి. అందులో మంచినీళ్ళు పోస్తే 1000 కిలోలు, అంటే సరిగ్గా 1 టన్ను పడతాయి. ఇప్పుడు ఇదే సైజులో ఉన్న ఏదో ఒక దిమ్మెని చెరువులో ముంచాం. పై ముఖం 2 మీటర్ల లోతులో ఉంది, కింద ముఖం 3 మీటర్ల లోతులో ఉంది. పై ముఖం మీద 2 మీటర్ల ఎత్తు నీళ్ళు కూర్చున్నాయి, అంటే 2 టన్నుల బరువు కిందికి నొక్కుతోంది. కింద ముఖం దగ్గర? నీళ్ళలో ప్రెజర్ ఒక్క కిందికే కాదు, అన్ని వైపులకీ ఉంటుంది. 3 మీటర్ల లోతులో ఉన్న ప్రెజర్ ఆ ముఖాన్ని 3 టన్నులతో పైకి నెడుతుంది. పక్కల నుంచి వచ్చేవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైకి 3, కిందికి 2. మిగిలింది 1 టన్ను, పైకి.

ఇంకా లోతుకి తీసుకెళ్ళండి, 10 మీటర్లు. పైన 10 టన్నులు, కింద 11 టన్నులు. మళ్ళీ తేడా 1 టన్నే. ఈ 1 టన్ను ఎక్కడిదో గుర్తుపట్టారా? ఆ దిమ్మె ఆక్రమించిన చోటులో ఇంతకుముందు ఉన్న నీళ్ళ బరువు. అంతే. ఆర్కిమెడిస్ చెప్పింది ఇదే: నీళ్ళలో ఉన్న వస్తువు ఎంత నీటిని పక్కకి నెట్టిందో, ఆ నీటి బరువంత ఫోర్స్ దాన్ని పైకి నెడుతుంది. దిమ్మె ఇనుమా, చెక్కా, బంగారమా అనేది నీళ్ళకి అనవసరం. నీళ్ళకి తెలిసింది ఒక్కటే, తనని ఎంత చోటు ఖాళీ చేయమన్నారు అనేది.

(ఆర్కిమెడిస్ స్నానాల తొట్టిలోంచి లేచి "యురేకా" అంటూ వీధిలో పరిగెత్తిన కథ మీ అందరికీ తెలుసు. అది ఆయన చనిపోయిన దాదాపు రెండు వందల ఏళ్ళకి విట్రూవియస్ అనే రోమన్ ఆర్కిటెక్ట్ రాసిన కథ. నిజంగా జరిగిందో లేదో పక్కన పెడదాం. తేలే వస్తువుల గురించి ఆర్కిమెడిస్ ఒక పుస్తకమే రాశాడు, అది మాత్రం నిజం.)

ఇప్పుడు ఆ దిమ్మె ఉక్కుది అనుకోండి. 1 క్యూబిక్ మీటర్ ఉక్కు సుమారు 7850 కిలోలు, 7.85 టన్నులు. నీళ్ళు 1 టన్నుతో పైకి నెడుతున్నాయి, భూమి 7.85 టన్నులతో కిందికి లాగుతోంది. పోటీయే కాదు. మేకు మునిగినట్టే మునుగుతుంది.

ఇప్పుడు అసలు మ్యాజిక్. అదే ఉక్కుని, ఒక్క గ్రాము కూడా కలపకుండా తీయకుండా, సాగగొట్టి రేకు చేసి ఒక మూత లేని తొట్టి చేద్దాం. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. అడుగు 9 చదరపు మీటర్లు, నాలుగు గోడలు కలిపి 24, మొత్తం 33 చదరపు మీటర్ల రేకు. మన దగ్గర ఉన్న ఉక్కుతో ఆ రేకు దాదాపు 3 సెంటీమీటర్ల మందం వస్తుంది. సన్నదేం కాదు, మంచి దిట్టమైన తొట్టి. బరువు అదే 7.85 టన్నులు. దీన్ని నీళ్ళ మీద పెట్టాం. అది కిందికి దిగుతుంది, దిగేకొద్దీ నీళ్ళని పక్కకి నెడుతుంది. 1 సెంటీమీటర్ దిగితే 90 కిలోల నీళ్ళు పక్కకెళ్ళాయి. 10 సెంటీమీటర్లు దిగితే 900 కిలోలు. ఇలా 87 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి పక్కకెళ్ళిన నీళ్ళ బరువు 7.85 టన్నులు అయిపోయింది. కిందికి లాగేదీ పైకి నెట్టేదీ సమానం. అక్కడ ఆగిపోయింది. ఇంకా 1 మీటర్ 13 సెంటీమీటర్ల గోడ నీటి పైనే ఉంది.

అంతే. ఓడ తేలడం అంటే ఇదే. ఉక్కు తేలికైపోలేదు, చోటు పెరిగింది.

ఆ మిగిలిన గోడ ఊరికే లేదు. తొట్టిలో సరుకు వేయండి. ఒక్కో టన్నుకీ ఇంకో 11 సెంటీమీటర్లు దిగుతుంది. 10 టన్నులు వేసేసరికి దాదాపు 1 మీటర్ 98 సెంటీమీటర్లు మునిగి ఉంటుంది, పైన మిగిలింది రెండే రెండు సెంటీమీటర్లు. లెక్క ప్రకారం ఇంకా తేలుతోంది. కానీ ఒక చిన్న అల చాలు. అల వచ్చి ఒక బిందెడు నీళ్ళు లోపల పోస్తే ఇంకా దిగుతుంది, దిగితే ఇంకా నీళ్ళు వస్తాయి, ఇక ఆపేవాడు ఉండడు. "ఇంతమంది ఎక్కినా తేలుతోంది కదా, ఇంకో ఇద్దరు ఎక్కితే ఏమైంది" అనే మాట ఎక్కడ తప్పో ఇప్పుడు మీకే తెలుస్తుంది. తేలుతోందా లేదా అనేది కాదు ప్రశ్న, పైన గోడ ఎంత మిగిలింది అనేది ప్రశ్న.

ఇక్కడ రెండు అపోహలు తీసేద్దాం. ఒకటి, "ఓడ లోపల గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది". సగం కరెక్ట్. కానీ గాలి ఓడని పైకి లేపట్లేదు, అది బెలూన్ కాదు. గాలి చేసే పని ఏంటంటే, దాదాపు బరువు లేకుండా చోటు నింపడం. నిజానికి మూసేసిన గట్టి ఉక్కు పెట్టెలోంచి గాలంతా తీసేస్తే అది ఇంకా కొద్దిగా, కంటికి కనపడనంత, పైకి తేలుతుంది. చిన్నప్పుడు చెరువులో ఈత నేర్చుకోవడానికి నడుముకి మునగబెండు కట్టేవాళ్ళు, లేదా లారీ ట్యూబు ఇచ్చేవాళ్ళు. అది కూడా ఇదే పని: మన బరువు పెంచకుండా మన చోటు పెంచడం.

రెండోది నాకు ఇష్టమైనది. "సముద్రంలో అంత నీరు ఉంది కాబట్టి అంత పెద్ద ఓడని మోస్తోంది" అనుకుంటారు. తప్పు. ఇంట్లో ఒకదాంట్లో ఒకటి పట్టే స్టీలు డబ్బాల సెట్ ఉంటుంది కదా, అందులో పక్కపక్క సైజులవి రెండు తీసుకోండి. పెద్ద డబ్బాలో అర గ్లాసు కంటే తక్కువ నీళ్ళు పోసి, ఖాళీగా ఉన్న చిన్న డబ్బాని అందులో మెల్లగా దించండి. నీళ్ళు ఆ సన్నని సందులోంచి పైకి ఎగబాకుతాయి, చిన్న డబ్బా అడుగు తగలకుండా తేలుతుంది. వేలితో తిప్పి చూడండి, గిర్రున తిరుగుతుంది. డబ్బా బరువు కంటే తక్కువ బరువున్న నీళ్ళు దాన్ని మోస్తున్నాయి! ఇదేంటి, రూల్ తప్పిందా? తప్పలేదు. పక్కకి నెట్టిన నీళ్ళు అంటే, ఆ డబ్బా లేకపోతే ఆ చోటు నింపడానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్ని అని అర్థం. అవి నిజంగా అక్కడ ఉండక్కర్లేదు. కావాల్సింది లోతు, దాంతో వచ్చే ప్రెజర్. షిప్‌యార్డుల్లో డ్రై డాక్ అని ఉంటుంది. ఓడని లోపలికి తెచ్చి, గేటు మూసి, నీళ్ళు తోడేసి రిపేర్ చేస్తారు. పని అయ్యాక నీళ్ళు వదిలితే, ఓడకీ డాకు గోడకీ మధ్య సందు ఎంత సన్నగా ఉన్నా సరే, సరైన ఎత్తు వచ్చేసరికి ఆ ఓడ దిమ్మెల మీంచి మెల్లగా లేస్తుంది.

ఇనుము తేలుతుందని జనం నమ్మడానికి చాలా టైమ్ పట్టింది. 1787లో ఇంగ్లండ్‌లో జాన్ విల్కిన్సన్ అనే ఇనుము వ్యాపారి సెవర్న్ నది మీద ఒక ఇనప పడవ దించాడు. దాని పేరే ట్రయల్. మునుగుతుందని పందేలు కాసే రకం వాళ్ళందరి ముందూ తేలింది. 1843 నాటికి బ్రూనెల్ కట్టిన గ్రేట్ బ్రిటన్ అనే ఇనప ఓడ నీళ్ళలోకి దిగింది, తర్వాత అట్లాంటిక్ దాటింది. మన దగ్గరికొస్తే, స్వాతంత్ర్యం వచ్చాక ఇండియాలో కట్టి నీళ్ళలోకి దించిన మొదటి పెద్ద ఉక్కు ఓడ జల ఉష. 1948 మార్చి 14న నెహ్రూ దాన్ని మన విశాఖపట్నంలోనే ప్రారంభించారు. వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన సింధియా షిప్‌యార్డులో కట్టారు, ఇప్పుడు అదే హిందుస్థాన్ షిప్‌యార్డ్.

ఓడల గురించి వార్తల్లో ఒక మాట వింటుంటారు, డిస్‌ప్లేస్‌మెంట్. ఐఎన్ఎస్ విక్రాంత్ డిస్‌ప్లేస్‌మెంట్ సుమారు 45,000 టన్నులు అంటారు. అంటే ఏంటి? ఆ ఓడ పక్కకి నెట్టే నీళ్ళ బరువు 45,000 టన్నులు. తేలుతోంది కాబట్టి ఓడ బరువు కూడా అంతే. ఇంత పెద్ద ఓడని తూకం వేసే కాటా ప్రపంచంలో లేదు, అవసరమూ లేదు, సముద్రమే కాటా. ఎంత లోతు మునిగిందో చూస్తే బరువు తెలిసిపోతుంది. బొగ్గు, ఇనప ఖనిజం లాంటి సరుకు ఎంత ఎక్కించారో లెక్క తేల్చడానికి పోర్టుల్లో ఇప్పటికీ ఇదే చేస్తారు. ఎక్కించకముందు ఎంత మునిగింది, ఎక్కించాక ఎంత మునిగింది, ఓడ ఒంటి మీద రాసున్న అంకెలు చదివి లెక్క కడతారు.

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసుంటారు. 1969లో మన నేవీలో చేరింది, 2001లో రిటైర్ అయ్యింది, తర్వాతి ఏడాది మ్యూజియం అయ్యింది. దాని డిస్‌ప్లేస్‌మెంట్‌కి రెండు అంకెలు ఉంటాయి: పైన తేలుతున్నప్పుడు సుమారు 1950 టన్నులు, మునిగినప్పుడు సుమారు 2475 టన్నులు. మధ్యలో ఉన్న ఐదు వందల చిల్లర టన్నులు ఏంటి? సముద్రపు నీరే. మునగాలంటే బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి నీళ్ళు రానిస్తారు, బరువు పెరుగుతుంది. పైకి రావాలంటే కంప్రెస్డ్ ఎయిర్‌తో ఆ నీళ్ళని బయటికి తోసేస్తారు. ఓడ సైజు పెంచి తేలుతుంది, సబ్‌మెరైన్ బరువు మార్చుకుని మునుగుతూ తేలుతూ ఉంటుంది.

ఇంకో చిన్న విషయం. సముద్రపు నీరు ఉప్పు వల్ల కొంచెం బరువు, 1 క్యూబిక్ మీటర్ సుమారు 1025 కిలోలు. అందుకే ఓడ సముద్రంలో కంటే నదిలో కొంచెం ఎక్కువ దిగుతుంది. బంగాళాఖాతం నుంచి హుగ్లీ నదిలోకి, కోల్‌కతా వైపు వెళ్ళే ఓడకి ఇది నిజంగా లెక్క. అందుకే సరుకు ఓడల పక్కన ఒక గుండ్రం, దాని మీద అడ్డగీత, పక్కన కొన్ని గీతలు, అక్షరాలు ఉంటాయి. ఎఫ్ అంటే ఫ్రెష్ వాటర్, టీ అంటే ట్రాపికల్, ఎస్ అంటే సమ్మర్, డబ్ల్యూ అంటే వింటర్. ఏ నీళ్ళలో, ఏ సీజన్‌లో, ఎక్కడి వరకే మునగొచ్చో చెప్పే గీతలు. దీని వెనక ఒక మనిషి ఉన్నాడు, శామ్యూల్ ప్లిమ్‌సోల్, బ్రిటిష్ పార్లమెంట్ మెంబర్. అప్పట్లో కొందరు ఓనర్లు పాత ఓడలకి పెద్ద ఇన్సూరెన్స్ చేయించి, తలకి మించిన సరుకు ఎక్కించి పంపేవాళ్ళు. ఓడ చేరితే కిరాయి, మునిగితే ఇన్సూరెన్స్. మధ్యలో పోయేది నావికుల ప్రాణాలు. ప్లిమ్‌సోల్ ఏళ్ళ తరబడి గొడవ చేశాక 1876లో బ్రిటన్ చట్టం తెచ్చింది, ప్రతి ఓడ మీదా గీత ఉండాలని. ఒక పెయింట్ గీత! నా దృష్టిలో మన ఫోన్లలో ఉన్న చాలా యాప్‌ల కంటే ఆ గీత గొప్ప ఇన్వెన్షన్.

సరే, ఇప్పుడు "కూర్చోండి" దగ్గరికి వద్దాం. ఎందుకంటే తేలడం ఒక ప్రశ్న, నిటారుగా తేలడం ఇంకో ప్రశ్న. ఈ రెండోది కూడా చాలా ప్రాణాలు తీసింది.

ఓడ బరువంతా ఒక పాయింట్ దగ్గర ఉన్నట్టు అనుకోండి, దాన్ని బరువు కేంద్రం అందాం. నీళ్ళు పైకి నెట్టే ఫోర్స్ కూడా ఒక పాయింట్ దగ్గర ఉన్నట్టు అనుకోండి, అది మునిగిన భాగానికి మధ్యలో ఉంటుంది. ఓడ నిటారుగా ఉన్నప్పుడు రెండూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. ఇప్పుడు ఓడ కుడి పక్కకి వంగింది. కుడివైపు ఎక్కువ మునిగింది, కాబట్టి నీళ్ళు నెట్టే పాయింట్ కుడికి జరిగింది. ఇప్పుడు నీళ్ళు కుడి పక్కన పైకి నెడుతున్నాయి, బరువు దానికి ఎడమగా కిందికి లాగుతోంది. రెండూ కలిసి ఓడని మళ్ళీ నిటారుగా తిప్పుతాయి. తంజావూరు బొమ్మని పడేస్తే మళ్ళీ లేచి నిలబడుతుంది చూశారా, అలాంటిదే.

కానీ బరువు కేంద్రం బాగా పైన ఉందనుకోండి. ఓడ కుడికి వంగగానే ఆ కేంద్రం కూడా తలకాయ వాలినట్టు కుడికి వాలుతుంది. ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ వాలుతుంది. నీళ్ళు నెట్టే పాయింట్ కంటే అది ఇంకా కుడికి వెళ్ళిపోతే కథ తిరగబడుతుంది. ఇప్పుడు నీళ్ళే ఓడని బోర్లా పడేస్తాయి. ఎంత ఎత్తు వరకు సేఫ్ అనే హద్దుని మెటాసెంటర్ అంటారు. పియర్ బుగేర్ అనే ఫ్రెంచ్ సైంటిస్ట్ 1746లో ఓడల మీద రాసిన పుస్తకంలో దీన్ని లెక్కలతో సహా వివరించాడు. బరువు కేంద్రం ఆ హద్దుకి కింద ఉన్నంతవరకు ఓడ లేస్తుంది, దాటితే పడుతుంది.

ఇప్పుడు మా బోటు చూడండి. మేం చేసినవి రెండు తప్పులు. అందరం పై డెక్ మీద నిలబడి బరువు కేంద్రాన్ని పైకి తీసుకెళ్ళాం, ఆ తర్వాత ఒకే పక్కకి పరిగెత్తి దాన్ని పక్కకి లాగాం. ఆ టైమ్‌లో సరంగు "వెనక్కి రండి" అంటే మళ్ళీ అందరం ఒకేసారి అవతలి పక్కకి పరిగెత్తేవాళ్ళం. ఊపు మీద ఊపు. "కూర్చోండి" అంటే? నిలబడిన మనిషి బరువు నడుము దగ్గర ఉంటుంది, నేల మీద చతికిలబడితే చాలా కిందికి వస్తుంది. ముప్పై నలభై మంది ఒకేసారి కూర్చుంటే రెండు మూడు టన్నుల బరువు అర మీటర్ పైనే కిందికి దిగింది. బరువు తగ్గలేదు, ఎత్తు తగ్గింది. బోటుకి అది చాలు.

ఇలాంటి పరీక్ష నాలుగు వందల ఏళ్ళ క్రితం ఒక రాజు ఓడ మీద కావాలని చేశారు. స్వీడన్ రాజు కోసం కట్టిన వాసా. రెండు వరసల్లో 64 ఫిరంగులు, పైన ఎత్తైన కట్టడం, బొమ్మలు, అలంకారాలు. బయల్దేరే ముందు టెస్టింగ్ కోసం 30 మంది నావికుల్ని డెక్ మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరిగెత్తించారు. మూడు సార్లకే ఓడ ఎంత ఊగిందంటే, ఇంకా పరిగెత్తిస్తే ఇక్కడే మునిగేలా ఉందని ఆపేశారు. టెస్ట్ ఫెయిల్. మరి ఓడ ఆపారా? ఆపలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ సీన్ బాగా తెలుసు, బగ్ ఉందని అందరికీ తెలుసు, రిలీజ్ డేట్ మాత్రం మారదు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో బయల్దేరింది. సుమారు 1300 మీటర్లు వెళ్ళింది. ఒక గాలి తోపుకి వంగింది, కింది వరస ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్ళు వచ్చాయి, ఊరి జనం చూస్తుండగానే మునిగిపోయింది. 1961లో పైకి తీశారు, ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

అదంతా పాతకాలం అనుకోకండి. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ఫెర్రీ బోల్తా పడింది. 304 మంది చనిపోయారు, ఎక్కువమంది స్కూల్ ట్రిప్‌కి వెళ్తున్న పిల్లలు. ఆ ఓడకి పైన ఎక్స్‌ట్రా క్యాబిన్లు కట్టారు, బరువు పైకి వెళ్ళింది. పర్మిషన్ ఉన్నదానికంటే చాలా ఎక్కువ సరుకు ఎక్కించారు. ఓడ మునిగిన గీత మాత్రం సరిగ్గా కనిపించాలి కదా? అందుకని అడుగున ఉండాల్సిన బ్యాలస్ట్ నీళ్ళు తగ్గించారు. ప్లిమ్‌సోల్ గీత ఉంది, కానీ గీత ఎంత మునిగిందో మాత్రమే చెబుతుంది, బరువు ఎక్కడ ఉందో చెప్పదు. పైన బరువు పెంచారు, కింద బరువు తీసేశారు. మలుపు తిరిగేటప్పుడు సరిగ్గా కట్టని సరుకు జారింది. ఇక లేవలేదు.

లోపలికి వచ్చిన నీళ్ళు ఇంకో రకంగా చంపుతాయి. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి నడవండి. కొంచెం వంగితే చాలు, నీళ్ళన్నీ ఆ పక్కకే పరిగెడతాయి, పళ్ళెం ఇంకా వంగుతుంది. అదే నీళ్ళు సన్నటి గ్లాసుల్లో పోసి పళ్ళెం మీద పెడితే ఆ గొడవ ఉండదు. 1987 మార్చి 6న బెల్జియంలో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే రేవు నుంచి బయల్దేరింది. కార్లు పెట్టే డెక్ అంటే అడ్డుగోడలు లేని పెద్ద హాలు. అందులోకి వచ్చిన నీళ్ళు ఒక పక్కకి చేరాయి, నిమిషాల్లో ఓడ పక్కకి ఒరిగిపోయింది. 193 మంది పోయారు. ఓడల్లో అడ్డుగోడలు కట్టి గదులు చేసేది ఇందుకే. (టైటానిక్‌కీ 16 గదులు ఉన్నాయి. కానీ ఆ గోడలు పైదాకా లేవు. ముందు గదులు నిండి ఓడ ముందుకి వంగాక, ఫ్రిజ్‌లో ఐస్ ట్రే వంచితే ఒక గడిలోంచి ఇంకో గడిలోకి పొర్లినట్టు నీళ్ళు పొర్లాయి.)

మాది కోనసీమ. చిన్నప్పుడు సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళాలంటే గోదావరి మీద పంటు ఎక్కేవాళ్ళం. బైకులు, ఆటోలు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మనుషులు, అన్నీ ఒకే పంటు మీద. ఎక్కేటప్పుడు పంటు వాళ్ళు "ఆ కారు మధ్యకి తియ్యి, నువ్వు ఇటు పెట్టు" అని అరుస్తూ ఉంటే నాకు విసుగొచ్చేది, చోటు కోసం గోల అనుకునేవాణ్ణి. వాళ్ళు బరువు సర్దుతున్నారు.

మన నదుల మీద ఏం జరిగిందో కూడా మర్చిపోలేం. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర కృష్ణలో, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర, పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న లాంచీ దేవీపట్నం అవతల కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. ఆ లాంచీని బయటికి తీయడానికి నెల రోజుల పైన పట్టింది. ఆ రెండుసార్లూ ఎక్కినవాళ్ళు మనలాంటి వాళ్ళే, కార్తీక మాసమనో సెలవనో సరదాగా బయల్దేరినవాళ్ళు.

నేను ఇప్పుడు పడవ ఎక్కేముందు చూసేవి చెబుతా. మొదట పక్కకి వంగి, నీళ్ళకీ అంచుకీ మధ్య ఎంత గోడ మిగిలిందో చూస్తా. జానెడు కూడా లేకపోతే దిగిపోతా, టికెట్ డబ్బులు పోతే పోయాయి. నది పొంగి ఉంటే అసలు ఎక్కను. పై డెక్ నిండుగా, కింద ఖాళీగా ఉంటే నేను కిందే కూర్చుంటా, నవ్వినా సరే. జాకెట్ బకిల్ పెట్టుకుంటా, భుజాన వేసుకోవడం కాదు. లైఫ్ జాకెట్ కూడా మునగబెండే కదా, చోటు పెంచే వస్తువే, కానీ ఒంటికి కట్టుకుంటేనే అది మన చోటు.

చివరిగా ఒకటి. ఆ రోజు ఒడ్డుకి వచ్చాక నేను దిగకుండా సరంగు దగ్గరికి వెళ్ళా. కింద అడుగున ఇసక బస్తాలు పేర్చి ఉన్నాయి. "ఇంత బరువు ఊరికే ఎందుకు మోస్తున్నారండీ, డీజిల్ దండగ కదా?" అని అడిగా, ఆప్టిమైజేషన్ చేసే బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆయన నా మొహం చూసి, "అయ్యి తీసేత్తే మీరు ఇందాక నీళ్ళలో ఉండేవోరు బాబూ" అన్నాడు.

సరే మరి, డబ్బాల ప్రయోగం ఇంట్లో చేసి చూడండి. చిన్న డబ్బాలో కొంచెం కొంచెం బియ్యం వేస్తూ, ఒకసారి అడుగున పరిచి, ఇంకోసారి ఒక పక్కకి నెట్టి చూడండి, ఏమవుతుందో. ఉంటాను.